నచ్చకపోయినా మెచ్చుకోవడం: నిదానంగా నడిచే డ్రామాను చూసే పద్ధతి

తెలుగులో ఈ సంగతికి రెండు మాటలు ఎప్పటి నుంచో సిద్ధంగా ఉన్నాయి: నచ్చడం, మెచ్చడం. నచ్చడం మన చేతిలో ఉండదు. మెచ్చడం మాత్రం నేర్చుకుంటే వస్తుంది. దానికి కాస్త ఓపిక, ఒక నోటుబుక్కు, ఫోన్లోని స్టాప్‌వాచ్ చాలు. నిదానంగా నడిచే టీవీ డ్రామా దగ్గర చాలామంది ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తారు. కునుకు పడితే "అంతా ల్యాగ్" అని తేల్చేస్తారు. లేదంటే ఆఫీసులో అందరూ పొగుడుతున్నారు కదా అని రెండు ఎపిసోడ్లు చూసి "మస్తుంది అన్నా" అనేస్తారు. రెండూ తొందరపాటే. కింద ఉన్నది నచ్చించే ఉపాయం కాదు. అలాంటి డ్రామాకు న్యాయంగా మార్కులు వేయడం ఎలా, ఎక్కడ ఆపేయాలి, ఇంకొకరికి ఏమని చెప్పాలి, అంతవరకే.

ముందు గంటలు లెక్కపెట్టండి

మొదలుపెట్టే ముందు మొత్తం ఎన్ని గంటల పనో కాగితం మీద రాసుకోండి. అమెరికా డ్రామా 'బెటర్ కాల్ సాల్' 2015 నుంచి 2022 దాకా ఆరు సీజన్లు, 63 ఎపిసోడ్లు వచ్చింది. ఒక్కోదానికి ముప్పావు గంట వేసుకున్నా 47 గంటల పైమాటే. వారానికి రెండు చొప్పున చూస్తే 32 వారాలు పడుతుంది. అంటే సంక్రాంతికి మొదలుపెడితే వినాయక చవితి పందిళ్లు లేచేనాటికి అవుతుంది. అక్కడిదే 'ది వైర్' (2002 నుంచి 2008) ఐదు సీజన్లు, 60 ఎపిసోడ్లు, చాలామటుకు ఒక్కోటి గంటకు అటూఇటూ. ఇవి కొత్తవాళ్లు ఎత్తుకోవాల్సిన బరువులు కావు. పోలండ్ టీవీ కోసం కీస్లోవ్‌స్కీ తీసిన 'డెకలాగ్' పదే ఎపిసోడ్లు, ఒక్కోటి గంట లోపు, దేని కథ దానిదే. దేశ విభజన నాటి అల్లర్ల మీద గోవింద్ నిహలానీ దూరదర్శన్‌కు తీసిన 'తమస్' (1988) మొత్తం కలిపి సుమారు ఐదు గంటలు. మొదటిసారి పది గంటల లోపు వాటితోనే మొదలుపెట్టండి.

కారణం ఒకటుంది. అరవై గంటల దాంట్లో ఇరవై గంటలు పెట్టేశాక మనసు నిజం చెప్పదు. "ఇంత చూశాక బాగోలేదంటే ఎలా" అన్న మొహమాటం వచ్చి కూర్చుంటుంది. ఆ మొహమాటాన్నే చాలామంది గౌరవం అనుకుంటారు.

గది, టీవీ, చప్పుడు

సగం తప్పులు తెరకు ఇవతలే జరుగుతాయి. హైటెక్ సిటీ నుంచి ట్రాఫిక్‌లో గంటన్నర నలిగి ఇంటికొచ్చి, తిని, వెంటనే సోఫాలో వాలి ఇలాంటిది పెడితే వచ్చేది నిద్రే. ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ తర్వాత అసలు వద్దు. ఆ నిద్రను డ్రామా ఖాతాలో రాయకూడదు. పని రోజుల్లో అయితే ఇంటికి చేరాక కనీసం నలభై నిమిషాలు గడవనివ్వండి. హాల్లో టీవీ ఒక్కటే ఉన్న ఇంట్లో సాయంత్రం సీరియళ్ల వేళ దాటేదాకా మీ వంతు రాదు. కాబట్టి రాత్రి పది గంటలకో, ఆదివారం పొద్దున పాలవాడు, పేపరు, ఇడ్లీల హడావిడి అయ్యాకో ఒక వేళ ఖాయం చేసుకోండి. రోజుకు ఒక ఎపిసోడ్, మరీ ఊపు మీద ఉంటే రెండు. మూడోది పెట్టకండి. ఇలాంటి డ్రామాలో చూడాల్సినవి చిన్నచిన్న మార్పులు, అలసిన కన్ను మొదట వదిలేసేవి అవే.

టీవీ సెట్టింగులో ఒక్క మార్పు చాలా మేలు చేస్తుంది. కొత్త టీవీలు కొన్నప్పటి నుంచే కదలికను నున్నగా చేసే ఏర్పాటు వేసుకుని ఉంటాయి. సామ్‌సంగ్‌లో దాని పేరు పిక్చర్ క్లారిటీ, పాత మోడళ్లలో ఆటో మోషన్ ప్లస్, ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో. సెకనుకు 24 ఫ్రేములతో తీసినదానికి టీవీ సొంతంగా మధ్య ఫ్రేములు కల్పించి ఇరికిస్తుంది. క్రికెట్‌కు అది బాగానే ఉంటుంది. కానీ ఒక మనిషి కిటికీ దగ్గర కదలకుండా నిలబడిన షాట్‌ను అది స్టూడియో వీడియోలా మార్చేస్తుంది, ఆ నిలబడటంలోని బరువు పోతుంది. ఆఫ్ చేయండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెట్టండి, లేకపోతే సినిమా మోడ్. వివిడ్ మోడ్ షోరూములో టీవీ అమ్మడానికి పెట్టింది, ఇంటికి పనికిరాదు. కరెంటు ఆదా చేసే మోడ్ కూడా తీసేయండి. చీకటి సీన్లలో అది తెరను ఇంకా మసకబారుస్తుంది. టీవీకి ఎదురుగోడ మీద ట్యూబ్‌లైట్ ఉంటే ఆర్పండి. పూర్తి చీకటి కళ్లకు శ్రమ అనిపిస్తే టీవీ వెనక చిన్న బల్బు ఒకటి చాలు.

ఎంత దూరంలో కూర్చోవాలంటే, తెర కొలతను 1.6తో హెచ్చించండి. 43 అంగుళాల టీవీకి దాదాపు 5 అడుగుల 9 అంగుళాలు, 55 అంగుళాలకు 7 అడుగుల 4 అంగుళాలు. మన హాళ్లలో సోఫా సాధారణంగా పది పన్నెండు అడుగుల దూరంలో, గోడకు ఆనించి ఉంటుంది. అక్కడి నుంచి చూస్తే పెదవి కొస వణకడం కనిపించదు. అది కనిపించనప్పుడు ఆ సీన్లో "ఏమీ జరగలేదు" అనిపించడంలో వింత లేదు. ఒక ప్లాస్టిక్ కుర్చీ ముందుకు జరుపుకోండి.

చప్పుడు సంగతి ఇంకా ముఖ్యం. గుసగుసగా మాట్లాడుకునే సీన్లు ఇందులో ఎక్కువ, మన ఇళ్లలో ఎండాకాలం నాలుగు నెలలూ కూలర్ మోత. చాలా సీరీస్‌ల శబ్దాన్ని చుట్టూ ఐదు స్పీకర్లు ఉంటాయని లెక్కేసి కలుపుతారు. అది టీవీలోని రెండు చిన్న స్పీకర్లలోకి దిగేసరికి మాటలు పాతాళంలోకి, సంగీతం మిద్దె మీదికి వెళ్తాయి. ఆడియో ఎంపికలో స్టీరియో దొరికితే అదే పెట్టండి. టీవీలో మాటను పైకి తెచ్చే మోడ్ ఉంటే వేయండి. రెండూ కుదరకపోతే హెడ్‌ఫోన్. మధ్యలో కరెంటు పోతే, వచ్చాక రౌటర్ లేచి, టీవీ లేచి, బొమ్మ తిరిగి మొదలవడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. అప్పుడు ఆగిన చోటు నుంచి కాకుండా రెండు నిమిషాలు వెనక్కి జరిపి పెట్టండి. నెమ్మదిగా కట్టిన సీన్ మధ్యలో దూకితే దాని లయ అందదు.

ఫోన్ పక్క గదిలో ఉండాలి. ఆఫీసు నుంచి ఏ క్షణమైనా పిలుపు రాగల ఆన్‌కాల్ వారం అయితే ఈ పని పెట్టుకోకండి.

సబ్‌టైటిల్ చేసే చిన్న ద్రోహం

భాష రాకపోతే సబ్‌టైటిల్ తప్పదు. వచ్చిన భాషకు కూడా అలవాటుగా వేసుకుంటున్నాం, అక్కడే ఒక నష్టం ఉంది. నటుడు "నేను ఆ రోజు..." అని ఆగి, మింగి, తర్వాత మిగతాది చెప్తాడు. తెర అడుగున మాత్రం వాక్యమంతా ముందే పడిపోతుంది. అతను ఆగినప్పటికే మనకు విషయం తెలిసిపోయింది కనుక ఆ ఆగడం వృథాగా కనిపిస్తుంది. నిదానంగా ఉందన్న ఫిర్యాదుల్లో కొన్ని ఇక్కడే పుడతాయి. హిందీ బాగా అర్థమయ్యేవాళ్లు హిందీ డ్రామాకు సబ్‌టైటిల్ తీసేయండి, హైదరాబాద్‌లో ఆ సౌకర్యం చాలామందికి ఉంది. ఇంగ్లిష్‌కు మొదటి రెండు ఎపిసోడ్లు ఉంచుకుని, గొంతులు అలవాటయ్యాక తీసి చూడండి. తెలుగు డబ్బింగ్‌లో పెదవుల కదలికకు సరిపెట్టాలని మాట మారిపోతుంది, అసలు నటుడి గొంతు పోతుంది. అయినా ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి చూస్తున్నప్పుడు డబ్బింగే మేలు. వాళ్లకు పక్కన కూర్చుని అనువాదం చెప్తూ ఉంటే ఇద్దరికీ దక్కదు.

వేగం పెంచే మీట వైపు వెళ్లకండి. నెట్‌ఫ్లిక్స్‌లో 1.5 దాకా పెంచుకోవచ్చు. 1.25లో పెడితే ఐదు సెకన్ల మౌనం నాలుగు సెకన్లవుతుంది, 1.5లో మూడు సెకన్ల చిల్లర. 47 గంటల సీరీస్ మీద 1.25తో మిగిలేది తొమ్మిది గంటల పైచిలుకు. ఆ తొమ్మిది గంటలు అంత అవసరమైతే ఆ డ్రామానే మానేయడం నయం. పచ్చడి ఊరకముందే జాడీ మూత తీసి, రుచి లేదనడం లాంటిది ఈ పని.

కట్‌ల వేగం, కథ వేగం

ఇక్కడ కాస్త ఆగాలి. "స్లో" అన్న ఒక్క మాట కింద రెండు వేర్వేరు కొలతలు దాక్కుని ఉన్నాయి. షాట్లు ఎంత త్వరగా మారుతున్నాయన్నది ఒకటి. మనుషుల పరిస్థితి ఎంత త్వరగా మారుతోందన్నది ఇంకొకటి.

స్టాప్‌వాచ్ తీసి ఒక డైలీ సీరియల్ సీన్ కొలవండి. అత్తగారు హాల్లో ఒక మాట అంటుంది. అక్కడ ఏడుగురున్నారు. ఒక్కొక్కరి ముఖం మూడేసి సార్లు, వెనక ధన్‌ధన్‌మని చప్పుడు. 21 షాట్లు, షాట్‌కు రెండు సెకన్లు, మొత్తం 42 సెకన్లు. కట్‌ల వేగంలో ఇది యాక్షన్ సినిమాతో పోటీ పడుతుంది. ఆ 42 సెకన్లలో కథ మాత్రం అంగుళం కదలలేదు. ఇప్పుడు మంచి నెమ్మది డ్రామాలో ఒక మూడు నిమిషాల సీన్ కొలవండి. 180 సెకన్లకు 12 షాట్లు లెక్కకొస్తే షాట్‌కు 15 సెకన్లు. ఆ మూడు నిమిషాల్లో ఒక అబద్ధం పట్టుబడింది, పట్టుకున్నవాడు బయటపడలేదు, పట్టుబడినవాడికి అది తెలియదు. మూడు మార్పులు. కన్నుకు ఇది నిదానం, బుద్ధికి పరుగు. ఈ కొలత ఒక్కసారి స్వయంగా చేసి చూసినవాళ్లు ఆ తర్వాత "ల్యాగ్" అన్న మాటను ఆచితూచి వాడతారు.

ఇలా అన్నామని సీరియల్‌ను చిన్నచూపు చూడాల్సిన పని లేదు. దాని పద్ధతి వేరే అవసరం కోసం పుట్టింది. అరగంట స్లాట్‌లో ప్రకటనలు పోగా ఇరవై నిమిషాల చిల్లర కథ, వారానికి ఐదారు రోజులు, వారం వారం వచ్చే రేటింగ్‌ను బట్టి పెరిగే తరిగే కథ. జెమినీలో వచ్చిన 'చక్రవాకం', 'మొగలిరేకులు' రెండూ వెయ్యి ఎపిసోడ్లు దాటాయి. వంటింట్లో పోపు వేస్తూ, కుక్కర్ విజిల్స్ లెక్కపెడుతూ వినేవాళ్లకు కూడా కథ తప్పిపోకూడదు. అందుకే పేర్లు పదేపదే పలుకుతారు, జరిగింది మళ్లీ చెప్తారు, ముఖ్యమైన మాటకు చప్పుడు తోడిస్తారు. అది చెవితో చూసే కళ. మనం మాట్లాడుతున్న రకం మాటల్లో చెప్పాల్సింది చూపుల్లో దాస్తుంది, కాబట్టి వంటింట్లోంచి వింటే ఏమీ అందదు. కూరగాయలు తరుగుతూ చూసి "ఏం లేదు అందులో" అనడం దానికి అన్యాయం.

నోటుబుక్కులో ఏం రాయాలి

సమీక్ష రాయక్కర్లేదు. ఎపిసోడ్ అయిన వెంటనే, ఐదు నిమిషాల లోపు, మూడు పంక్తులు. ఈ ఎపిసోడ్ మొదట్లో లేనిది, చివర్లో ఉన్నది ఏమిటి? ఎవరికి కొత్తగా ఏం తెలిసింది, ఎవరికి ఇంకా తెలియదు? ఏ వస్తువును కెమెరా అవసరానికి మించి చూసింది? మూడోది వింతగా అనిపించవచ్చు కానీ ఎక్కువ ఫలితం ఇచ్చేది అదే. ఇలాంటి డ్రామాలు మాటలతో కాకుండా తాళంచెవి, గ్లాసు, మడతపెట్టిన చొక్కా లాంటివాటితో ముందుగానే సంగతి చెప్పేస్తాయి. మూడు ఎపిసోడ్ల తర్వాత ఆ పంక్తులు వరుసగా చదివితే నిదానం అనుకున్నదాంట్లో ఎంత జరిగిందో తెలుస్తుంది, లేదా నిజంగానే ఏమీ జరగలేదని తేలుతుంది.

'ది వైర్' లాంటి దానికి అదనంగా ఒక పేజీ పేర్లకు కేటాయించాలి. బాల్టిమోర్ నగరం, మొదటి సీజన్లో ఒక మత్తుమందుల ముఠా, దాని వెనక పడ్డ పోలీసులు. రెండో సీజన్ ఓడరేవుకు మారుతుంది, తర్వాత నగర రాజకీయం, ఆ తర్వాత బడి, చివర పత్రిక. డజన్లకొద్దీ మనుషులు. అందులో విసుగు అనిపించేది చాలాసార్లు విసుగు కాదు, ఎవరు ఎవరో తెలియకపోవడం. పోలీసులు ఎడమవైపు, ముఠా కుడివైపు, ఎవరి మాట ఎవరు వింటారో బాణం గుర్తు. బాణాలు సరిగ్గా పడితే సీన్లు వాటంతట అవే పదునెక్కుతాయి.

మీకు కలుగుతున్నది ఏమిటో కూడా విడదీసుకోండి. రెప్పలు బరువెక్కితే నిద్ర; వేళ మార్చండి. "వీడెవడు?" అని మాటిమాటికీ అనిపిస్తే తికమక, పేర్ల పేజీ చూడండి. అన్నీ అర్థమవుతూ, మెలకువగా ఉండి, అయినా చేయి రిమోట్ వైపు పోతుంటే అది అసలైన విసుగు. మార్కులు తగ్గించాల్సింది ఈ మూడోదానికే.

తీసేసి చూడటం

విసుగు పుట్టించిన సీన్ ఒకటి పట్టుకుని, అది లేదనుకోండి. పూర్తిగా తీసేయకండి, పొడవు తగ్గించి ఊహించండి: ఐదు నిమిషాలది ఒక నిమిషమైతే, తర్వాత ఏది కూలిపోతుంది?

'తమస్' మొదట్లోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. తోలు పని చేసే నత్థూకు ఒక కాంట్రాక్టరు ఐదు రూపాయలిచ్చి, పశువుల డాక్టరు కోసమని చెప్పి, ఒక పందిని చంపమంటాడు. చీకటి గుడిసె, దీపం, పంది, నత్థూగా ఓం పురి. పంది లొంగదు. అతను వెంటపడతాడు, జారుతాడు, రొప్పుతాడు, చెమటలు కారుస్తాడు, మళ్లీ మొదలుపెడతాడు. టీవీ ముందు కూర్చున్నవాడికి "ఇంకెంతసేపు" అనిపించేదాకా సాగుతుంది. తర్వాత మసీదు మెట్ల మీద పంది కళేబరం కనిపిస్తుంది, ఊరు అంటుకుంటుంది. ఇప్పుడు ఆ మొదటి సీన్ నిమిషంలో ముగిసిందనుకోండి. అల్లర్లకు కారణం మనకు సమాచారంగా తెలుస్తుంది, అంతే. కానీ నత్థూ తర్వాత మోసే భారం మన భుజం మీదికి రాదు. ఆ రాత్రి అతను పడ్డ శ్రమను మనమూ పడ్డాం కనుకే అతని నేరభావంలో మనకూ పాలుంది. ఆ నిడివి ఖర్చు కాదు, పెట్టుబడి.

'బెటర్ కాల్ సాల్' మూడో సీజన్ మొదటి ఎపిసోడ్ (2017) ఇంకో రకం. మైక్ అనే ముసలాయనకు తన కారులో ఎవరో ట్రాకర్ పెట్టారని అనుమానం. పాత ఇనుము పోగేసే చోటికి తీసుకెళ్లి కారును విప్పడం మొదలుపెడతాడు. సీట్లు, చక్రాలు, లోపలి భాగాలు, ఒక్కొక్కటే. మాటలు దాదాపు లేవు. మన దగ్గర మెకానిక్ షెడ్డు ముందు నిలబడి, బండి విప్పుతుంటే అరగంట చూస్తూ ఉండిపోయేవాళ్లకు ఈ సీన్ హాయిగా ఉంటుంది, మిగతావాళ్లకు శిక్ష. అంతా విప్పినా ఏమీ దొరకదు. చివరికి అది ఉన్నది పెట్రోల్ ట్యాంకు మూతలో. తీసేసి చూసే పరీక్షకు ఇది నిలుస్తుందా? నిలుస్తుంది. మైక్ తెలివైనవాడని ఎవరి చేతా చెప్పించలేదు, ఓపిక ఎంతదో చేతల్లో చూపించారు. అవతలివాళ్లు అంతకన్నా నేర్పరులని కూడా అదే సీన్ చెప్పింది. పరీక్షకు నిలిచింది కాబట్టి మెచ్చుకోవాలి. అయినా మీ మనసు ఆ కారు దగ్గర నిలవలేదా? అదీ నిజమే. ఒక పక్క "నిలిచింది" అని, ఇంకో పక్క "నిలవలేదు" అని రెండూ నోటుబుక్కులో రాసుకోండి.

ఉత్త సాగదీతను పట్టుకోవడం

పరీక్షకు నిలవనివి కూడా బోలెడు. ఓటీటీలు వచ్చాక రెండు గంటల సినిమా కథను ఎనిమిది ఎపిసోడ్లకు లాగడం మామూలైంది. గుర్తులు కొన్ని. మొదటి రెండు ఎపిసోడ్లు, చివరి రెండు బిగువుగా ఉండి, మధ్యలోవి నీళ్ల మజ్జిగలా ఉంటాయి. ఒక్క ప్రశ్న అడిగితే విడిపోయే చిక్కును ఎవరూ అడగకుండా మూడు ఎపిసోడ్లు మోస్తారు. మనకు ముందే తెలిసిన సంగతిని చూపించడానికి ఫ్లాష్‌బ్యాక్‌కు ఒక ఎపిసోడంతా ఇస్తారు. ముఖం మీద షాట్ పొడవుగా ఉంటుంది కానీ ముఖంలో ఏదీ మారదు. ఇది ముఖ్యం, ఎందుకంటే మంచి డ్రామాలోనూ పొడవైన ముఖం షాట్ ఉంటుంది. అక్కడ షాట్ మొదట్లో ఉన్న మనిషి చివర్లో ఉండడు. ఇక మన నగరంలో తీసిన వాటిలో దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద రాత్రిపూట డ్రోన్ రెండోసారి తిరిగిందంటే, రచయితకు తర్వాతి సీన్ ఇంకా తట్టలేదని అనుమానించవచ్చు.

ఇలాంటివాటికి నిదానం ఉంది కదా అని గౌరవం ఇవ్వనక్కర్లేదు. వర్షం, సెల్లో వాయిద్యం, బూడిద రంగు, మాట్లాడని హీరో కలిస్తే లోతు అయిపోదు.

ఎక్కడ ఆపాలి

పది గంటల లోపు దానికి రెండు గంటలు, పెద్దదానికి నాలుగు గంటలు ఇవ్వండి. అప్పటికి నోటుబుక్కు పంక్తులు ఖాళీగా ఉంటే ఆపేయండి, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. పంక్తులు నిండుగా ఉండి, తీసేసే పరీక్షలో సీన్లు నిలుస్తూ, మనసు మాత్రం కలవకపోతే ఆ సీజన్ పూర్తిచేసి ఆపండి. సీజన్ మధ్యలో ఆపితే మీ అభిప్రాయానికి ఒక కాలు లేనట్టే, ఎందుకంటే ఈ రకం డ్రామాలు మొదట్లో పెట్టిన అప్పును చివరి రెండు ఎపిసోడ్లలో తీరుస్తాయి.

నచ్చిందో లేదో తెలియడానికి తేలిక దారి ఒకటి: చూడటం ఆపిన నాలుగో రోజు, రైతు బజార్లోనో మెట్రోలోనో, ఆ మనుషుల్లో ఎవరైనా పిలవకుండా గుర్తొచ్చారా? వస్తే నచ్చినట్టే. వాళ్లు రాకుండా, ఆ సీన్ ఎలా తీశారన్నది మాత్రం గుర్తొస్తే మెచ్చినట్టు.

ఇంకొకరికి చెప్పేటప్పుడు

"స్లో గానీ బాగుంటుంది" అన్నది అందరూ వాడే మాట, దేనికీ పనికిరాని మాట. వినేవాళ్లకు మొదటి ముక్కే వినిపిస్తుంది. దాని బదులు ఏ రకం నిదానమో, ఎన్ని గంటలో, మీకు ఎక్కడ కుదరలేదో చెప్పండి. ఇరానీ చాయ్ దగ్గర సీనియర్‌తో అయితే: "అన్నా, 63 ఎపిసోడ్లు. ఫైటింగులు తక్కువ. ఒకాయన కూర్చుని కారు మొత్తం విప్పుతాడు, అట్లాంటివి చూస్తావంటే పెట్టు. పనితనం మాత్రం ఒప్పుకోవాలి. నాకైతే ఎవరి మీదా మనసు పడలేదు." ఇంత చెప్తే ఆయనే నిర్ణయించుకుంటాడు.

సీరియళ్లు చూసే పిన్నికి ఎప్పుడూ "మీ సీరియల్ లాగా కాదు" అని మొదలుపెట్టకండి, అక్కడితో తలుపు మూసుకుంటుంది. "పిన్నీ, ఇందులో మాటలు తక్కువ, ముఖాలు చూస్తూ ఉండాలి. వంట అయ్యాక కూర్చుందాం, ఒక్క గంట" అంటే సరిపోతుంది. 'డెకలాగ్'లో ఒక్క ఎపిసోడ్ చాలు, కథ అక్కడికక్కడ అయిపోతుంది. వెయ్యి ఎపిసోడ్ల కథల్లో ఎవరి మనసులో ఏముందో కనిపెట్టిన అనుభవం ఆవిడకు ఉంది. అబద్ధమాడే ముఖాన్ని మీకన్నా ముందే పట్టుకోవచ్చు, పట్టుకుంటే ఎలా తెలిసిందని అడగండి.

చూసిన గుంపుతో మాట్లాడేటప్పుడు నచ్చిందని నటించకండి. "బాగా తీశారు, నాకు దగ్గర కాలేదు" అన్నది పూర్తి వాక్యమే. దాని వెనక ఒక సీన్, దాని నిడివి, అది లేకపోతే ఏది పోతుందో చెప్పగలిగితే ఎవరూ మిమ్మల్ని "నీకు అర్థం కాలేదులే" అని పక్కన పెట్టలేరు. అలాగే మీరు మెచ్చినదాన్ని ఎవరైనా కొట్టిపారేస్తే ముందు అడగాల్సింది ఎక్కడ కూర్చుని, ఎన్నింటికి, ఎంత వేగంతో చూశారని.

సగంలో ఆపినదాన్ని యాప్‌లోని 'కంటిన్యూ వాచింగ్' వరుసలోంచి తీసేయండి; రోజూ కనిపిస్తూ ఉంటే అది బాకీలా గుచ్చుతుంది. తీసే ముందు నోటుబుక్కులో సీజన్, ఎపిసోడ్, నిమిషం రాసి, పక్కన ఆరు నెలల తర్వాతి తేదీ వేయండి. ఆ తేదీకి తిరిగి మొదలుపెడితే ఆపిన చోటు నుంచి కాదు, దానికి ముందు ఎపిసోడ్ మొదటి నుంచి పెట్టండి.